గమ్ రాయని షీటు

ఫిబ్రవరి 3, మంగళవారం

శేషారత్నం గారు ఇవాళ మా బాత్రూములో జారారు. పడలేదు, పంపు పట్టుకుని ఆగారు. పడినా బాగుండేదని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. పాపం వస్తే రానీ.

చిలకలూరిపేటలో ఏదో పెళ్ళి చూసుకుని కనిగిరి తిరిగి వెళ్తూ, దారిలోనే కదా అని మార్టూరులో దిగారు. వియ్యపురాలు కదా, వేడివేడిగా గారెలు వేసి పెట్టాను. మూడు తిన్నారు. కాళ్ళు కడుక్కుంటానని లోపలికి వెళ్ళి, జారి, బయటికొచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ ఈయనతో అన్నారు.

"అన్నయ్యగారూ, మీకెందుకండీ శ్రమ. గోడలు చూస్తే చెమ్మ, కింద చూస్తే పాచి. పైగా తల్లి లేని పిల్ల. తేజశ్రీ పురుడు మేమే పోసుకుంటాం లెండి."

ఈయన తల ఊపారు. గ్రానైట్ యూనిట్లో ఇరవై మందిని అదిలించే సూపర్‌వైజరు, వియ్యపురాలి ముందు పిల్లి. నేను పక్కనే కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. తల్లి లేని పిల్లట.

నేను ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చేసరికి తేజశ్రీకి పన్నెండేళ్ళు. సుగుణ గారు పోయి అప్పటికి రెండేళ్ళయింది. నేను ఆ పిల్లకి జడలు వేశాను, టైఫాయిడ్ వస్తే పక్కన పడుకున్నాను, పెళ్ళిలో కాళ్ళు కడిగే పళ్ళెంలో నీళ్ళు పోశాను. పిన్ని అంటుంది, మీరు అంటుంది. సరే.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, అది పద్ధతి. నా కడుపున ఎవరూ పుట్టలేదు, ఇక పుట్టరు. నేను పొయ్యగలిగే పురుడు నా జన్మకి ఇదొక్కటే. పోస్తాను కూడా. ఇప్పుడు ఎనిమిదో నెల, కదిలించకూడదు. తొమ్మిది రాగానే తెచ్చుకోవాలి. నెల రోజులుంది, బాత్రూము బాగుచెయ్యడానికి నెల ఎందుకు నాకు?

ఫిబ్రవరి 5

పొద్దున్న బాత్రూములో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని నాలుగు గోడలూ చూశాను. ఆవిడ అన్నది అబద్ధం కాదు. బోరు ఉప్పునీళ్ళకి పంపుల చుట్టూ తెల్లగా పెచ్చు కట్టింది. టైల్స్ మధ్య సందులు నల్లబడ్డాయి. వేలితో కొడితే సగం టైల్స్ డొల్లగా మోగుతున్నాయి. పంపు ఉన్న గోడకి అవతలేమో తేజశ్రీ పడుకోవాల్సిన గది, అక్కడ సున్నం పొరలు పొరలుగా లేచిపోయింది. ఇన్నేళ్ళూ రోజూ చూస్తూనే ఉన్నాను, ఇవాళ చూసినట్టుంది.

ఈయన సంబరంగా వచ్చారు. టైల్స్ మొత్తం కొట్టేయించి గ్రానైట్ పెట్టిద్దామన్నారు. యూనిట్లో మిగిలిన పలకలు బోలెడున్నాయట, పాలిష్ చేయించి తెస్తారట. ఊరంతా అదే చేస్తారు. మార్టూరులో పశువుల కొట్టంలో కూడా గ్రానైటే.

వద్దన్నాను. కొట్టడం మొదలుపెడితే వారం రోజులు దుమ్ము. ఇంట్లో ఈయన తల్లి, మా అత్తయ్యకి ఆయాసం. అసలే మిరపకాయల రోజులు, వీధిలో ఎవరు బస్తా దులిపినా అందరం దగ్గుతున్నాం, దానికి తోడు సిమెంటు దుమ్మా? నేను చెప్పింది అంతే. అద్దం పక్క టైల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా కారణం దుమ్ము.

ఫిబ్రవరి 6

దుమ్మే.

ఫిబ్రవరి 9

బస్సెక్కి అద్దంకి వెళ్ళాను. షాపులో పీవీసీ షీట్లు చూశాను, పాలరాయి డిజైనువి, తలుపంత పొడుగువి. ఉన్న టైల్స్ మీదే అంటించేస్తారట, ఒక్కటి కూడా కొట్టక్కర్లేదు. సందులుండవు కాబట్టి పాచి పట్టదు. ఉప్పు మరక గుడ్డతో తుడిస్తే పోతుంది. షాపతను షీటు మీద చెంబుడు నీళ్ళు పోసి వెనక్కి తిప్పి చూపించాడు, చుక్క దిగలేదు. నేను ఇంకో చెంబు తెప్పించి నేనే పోశాను. దిగలేదు.

ఆర్డరిచ్చి వచ్చాను.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఏమ్మా సామ్రాజ్యం, రాళ్ళ ఊళ్ళో ప్లాస్టిక్ గోడలేమిటి అని ఎదురింటావిడ నవ్వింది. ఈయన యూనిట్లో తలెత్తుకోలేనన్నారు. స్నానం చేసేది మీ యూనిట్ వాళ్ళు కాదు, నా కూతురు, అన్నాను. నోటి వెంట వచ్చేసింది. ఈయన నన్ను ఒకసారి చూసి పేపరు తీసుకున్నారు.

ఫిబ్రవరి 11

బొట్టు బిళ్ళల గురించి రాయాలని కాదు. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

స్నానానికి ముందు నుదుటి బిళ్ళ తీసి ఎదురుగా గోడకి అంటించడం ఎవరైనా చేసేదే. సుగుణ గారివి అద్దం పక్కన రెండు టైల్స్ మీద ఉన్నాయి, మెరూన్ రంగువి, గుండ్రంగా, పెద్దవి. వరసగా కూడా ఉండవు. ఒకటి పైకి, ఒకటి పక్కకి, చెయ్యి ఎక్కడ ఆనితే అక్కడ. నావి అక్కడ ఎప్పుడూ పెట్టలేదు. నావి చిన్నవి, నిలువువి, కుంకుమ రంగువి. గీజరు మీద పెడతాను, ఎత్తు నాకు అదే అనువు.

ఆవిడవి తియ్యలేదంటే, తీసే తీరిక ఎక్కడిది. ఇల్లన్నాక సవాలక్ష పనులు. వాటి చుట్టూ టూత్‌బ్రష్‌తో కడగడానికి పెద్ద టైము పట్టదు, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 13

షీట్లు బిగించడానికి మాబు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, అద్దంకి నుంచి బండి మీద వస్తాడు, పని చేస్తున్నంతసేపూ మాట్లాడతాడు. ముందు లీకు చూడందే షీటు వెయ్యనన్నాడు. చెమ్మ మీద మూత పెట్టినట్టవుతుందన్నాడు. అది నేనూ అనుకున్నాను. పడగ్గది వైపు నుంచి గోడ తొలిపించి పైపు మార్పించాను. టైల్స్ వైపు చెయ్యి పెట్టనివ్వలేదు.

పాత గీజరు కూడా పీకేశారు, తుప్పు పట్టింది. పాత ఇనుము వాడికి వేశాం. బండి కదిలాక గుర్తొచ్చింది, నా బిళ్ళలన్నీ దాని మీదే ఉన్నాయి. పోతే పోయాయి. ప్యాకెట్ నిండా ఉన్నాయి.

ఫిబ్రవరి 16

ఇవాళ షీట్లు ఎక్కాయి. కింద గరుకు టైల్స్ నిన్ననే పరిచారు.

అద్దం వైపు గోడ దగ్గరికి వచ్చేసరికి మాబు షీటు వెనక గమ్ రాయబోతున్నాడు. ఆపాను.

"దీనికి గమ్ వద్దు. స్క్రూలు పెట్టు. అవి కూడా టైల్స్ సందుల్లో దిగాలి, టైల్‌కి తగలకూడదు."

"గమ్ అయితే రాయిలా ఉంటది కదమ్మా. దీనికొక్కదానికీ ఎందుకు?"

"రేపు పైపు చూడాలంటే విప్పుకోవద్దూ?"

మాబు గోడని చూశాడు, నన్ను చూశాడు. ఆ గోడలో పైపు లేదు. ఐనా రేపు వెయ్యకూడదని ఏముంది? అతను టైల్స్ మీద బిళ్ళలు చూసి, గోరు పెట్టి ఒకటి గీకబోయాడు, షీటు సమంగా కూర్చోదని. చెయ్యి తియ్యమన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆ తర్వాత సాయంత్రం దాకా మాట్లాడకుండా పని చేశాడు, పాపం. వెళ్ళేటప్పుడు పకోడీలు పొట్లం కట్టి ఇచ్చాను.

బాత్రూము మెరిసిపోతోంది. బకెట్ల కొద్దీ నీళ్ళు గోడల మీద కొట్టాను. కొట్టినంతసేపూ ఆనందంగా ఉంది.

ఫిబ్రవరి 17

శేషారత్నం గారికి ఫొటోలు పంపాను, అన్ని వైపుల నుంచీ. గరుకు టైల్ మీద నా పాదం పెట్టి కూడా ఒకటి తీశాను. మధ్యాహ్నానికి ఫోను. బాగుంది వదినగారూ, మంచి రోజు చూసి పంపిస్తాం అన్నారు.

గెలిచాను. అత్తయ్య అరిసెలకి బియ్యం నానబెట్టమంది.

మార్చి 2

తేజశ్రీ వచ్చింది. మొహం కొంచెం ఉబ్బింది, నడక బరువైంది. కారు దిగగానే చెయ్యి పట్టుకుందామని వెళ్ళాను, నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. సరే, పెద్దావిడ.

కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను బయట తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను, బాత్రూము ఎలా ఉందంటుందో విందామని. వచ్చింది, తువ్వాలు తీసుకోలేదు.

"అద్దం పక్క గోడ కూడా మూసేశారా?"

మొత్తం వేయించానన్నాను.

"మా అమ్మది ఈ ఇంట్లో మిగిలింది అదొక్కటే. అదీ ఎక్కువైందా మీకు?"

అరవలేదు. అరిచినా బాగుండేది. ఈయన చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయారు. అత్తయ్య నా మొహం చూస్తోంది. అప్పుడే చెప్పొచ్చు, స్క్రూలు విప్పితే ఉన్నాయమ్మా అని. ఆరు మాటలు కూడా కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు చూసి కూడా నన్ను అంత మాట అనగలిగింది కదా, నేను సంజాయిషీ ఇచ్చుకోవాలా? వంటింట్లోకి వెళ్ళి పప్పులో తాలింపు వేశాను. మాడింది.

మార్చి 3

చెప్పను.

మార్చి 5

కనిగిరి వెళ్ళిపోతానంటోంది. వాళ్ళ నాన్నతో కారు మాట్లాడమని చెప్పింది. అక్కడ అత్తగారు చూసుకుంటారట, ఇక్కడ ఊపిరాడటం లేదట. కొత్త షీట్ల సిలికాన్ జిగురు వాసన అని పైకి చెబుతోంది. నాకు తెలుసు అది కాదని.

అటక మీద మేకులు ఉన్న డబ్బా తీసి స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. బాత్రూము గుమ్మం దాకా వెళ్ళాను. మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. విప్పి చూపిస్తే ఉంటుంది. కానీ ఆ ఉండటం నా మీద జాలితోనో, సిగ్గుతోనో. నాకు అవి అక్కర్లేదు. నా ఇంట్లో పురుడు కావాలి, అది ఆ పిల్ల ఇష్టంగా పోయించుకోవాలి.

నేను వచ్చిన కొత్తలో, స్కూలుకి వెళ్ళే ముందు తేజశ్రీ రోజూ ఒక బిళ్ళ మీద వేలు పెట్టి, ఆ వేలు తన నుదుటికి ఆనించుకునేది. తలుపు సందులోంచి చూశాను. నేను చూసినట్టు ఆ పిల్లకి తెలియదు. టైల్స్ కొట్టొద్దన్నది అందుకని కాదు. దుమ్ముకని.

మార్చి 6

డాక్టరమ్మ ప్రయాణం వద్దంది, బీపీ ఉందట. కాబట్టి ఉంటోంది. నా కోసం ఉండట్లేదు, బీపీ కోసం ఉంటోంది. ఉంటే చాలు.

కాకరకాయ వేపుడు చేశాను. రెండోసారి వడ్డించుకుంది, నా వైపు చూడకుండా.

మార్చి 21

ఆడపిల్ల. తెల్లవారుజామున నొప్పులొస్తే చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాం, పది దాటాక పుట్టింది. తల నిండా జుట్టు. నర్సు తెచ్చి, అమ్మమ్మ ఎవరండీ అంది. ఎవరూ కదల్లేదు. నేనే వెళ్ళి చేతులు చాచాను. ఎవరేమనుకుంటే నాకేం.

ఎంత వెచ్చగా ఉందో.

మార్చి 31

ఇది నా తప్పే. రాస్తాను.

ఇవాళ పదకొండో రోజు, పురిటి స్నానం. వావిలాకు మరిగించాను, పసుపు కలిపి నలుగుపిండి సిద్ధం చేశాను. స్నానమయ్యాక బాలింత జుట్టు సాంబ్రాణి పొగకి ఆరబెట్టాలి. కుంపటి పడగ్గదిలో పెట్టమని అత్తయ్య అంది. గదిలోకి నడిచి వచ్చేలోపు తడి ఒంటికి గాలి కొడుతుంది, చెవుల్లో దూది ఉన్నా సరే, అన్నాను. ఇంత ఖర్చు పెట్టి కట్టుకున్న బాత్రూము ఉండగా గాలిలోకి ఎందుకు? కుంపటి అక్కడే పెడతాను, తలుపు దగ్గరగా వేస్తాను, వెచ్చగా అక్కడే అన్నీ అయిపోతాయి. నాకు అంతా తెలుసని కదా నా ధీమా.

తడి తగలకుండా కుంపటిని పొడి గోడకి దగ్గరగా పెట్టాను. పొడి గోడంటే అద్దం వైపుదే.

నీళ్ళు పోస్తుంటే తేజశ్రీ మొహం తలుపు వైపు తిప్పుకుంది. కానీ వీపు రుద్దుతుంటే వంగి కూర్చుంది, కళ్ళు మూసుకుంది. వేడి సరిపోయిందా అంటే ఊఁ అంది. ఆ ఊఁ నాకు చాలు. తుడిచి, నైటీ తొడిగి, పీట మీద కూర్చోబెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి జుట్టు విప్పాను.

ముందు వాసన మారింది. సాంబ్రాణిలో ఏదో చెత్త కలిసిందనుకున్నాను. తర్వాత టప్‌మని చప్పుడు. చూస్తే కుంపటి పక్కన షీటు మెత్తబడి, పొట్ట ఉబ్బి, కింద నుంచి అప్పడంలా చుట్టుకుపోతోంది. కింది స్క్రూలు రెండూ ఊడి దొర్లాయి. తేజశ్రీని రెక్క పట్టుకుని గుమ్మం బయటికి లాగాను, వెనక్కి వచ్చి వావిలాకు నీళ్ళ కాగు ఎత్తి కుంపటి మీద కుమ్మరించాను. ఇల్లంతా ఆవిరి, బూడిద, కంపు. పాప లోపల గదిలో అత్తయ్య ఒళ్ళో ఉంది, ఏడుపు లంకించుకుంది.

నీళ్ళకేమీ కాదని రెండు చెంబులు పోసి మరీ కొన్నాను. నిప్పు సంగతి అడగాలని నాకు తట్టలేదు, షాపతనికీ తట్టలేదు.

ఆవిరి తగ్గాక చూస్తే షీటు పై రెండు స్క్రూలకి వేలాడుతోంది. దాని వెనక టైల్స్ కనిపిస్తున్నాయి. మెరూన్ బిళ్ళలు అన్నీ అలాగే ఉన్నాయి, ఒకటి పైకి, ఒకటి పక్కకి. గుమ్మంలో తేజశ్రీ, తడి జుట్టుతో. గాలి తగులుతుంది లోపలికి పో అన్నాను. కదల్లేదు.

"ఇవి తీసెయ్యలేదా?"

"తియ్యాలంటే గోడంతా ప్లాస్టిక్ ఎందుకే? ఒక పీచు ముక్క చాలు."

కోపంగానే అన్నాను. భయానికి వచ్చిన కోపం. ఆ పిల్లకి నిప్పు తగిలి ఉంటే నేనేమైపోయేదాన్ని? తేజశ్రీ లోపలికి వచ్చి వంగి, నేల మీద స్క్రూ ఏరి చూసింది. మిగతా గోడలు చూసింది, ఎక్కడా స్క్రూలు లేవు. తర్వాత టైల్స్ మీద చెయ్యి పెట్టింది. బిళ్ళల చుట్టూ ఎక్కడా నలుపు లేదు, ఉప్పు మరక లేదు. మిగతా టైల్స్ సందులన్నీ నల్లగా ఉంటే ఆ రెండూ తెల్లగా ఉన్నాయి. వేలితో ఒక్కో బిళ్ళ చుట్టూ రాసి చూసింది.

"నువ్వెందుకు చెప్పలేదు?"

నువ్వు అంది. కంగారులో అని ఉంటుంది.

"నువ్వు అడగలేదు. మాట అన్నావు."

ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పొగకి. లోపల నుంచి అత్తయ్య, ఏడుపులు తర్వాత, ముందు పిల్లకి పాలివ్వండే అని కేక వేసింది. నవ్వొచ్చింది ఇద్దరికీ. జుట్టు పడగ్గదిలోనే ఆరబెట్టాను, ఫ్యాను ఆపి, ఉత్త తువ్వాలుతో. చాలాసేపు పట్టింది. తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకుంది.

ఏప్రిల్ 2

మాబు వచ్చి చూసి నోరు తెరిచాడు. బాత్రూములో నిప్పు ఎందుకు పెట్టారమ్మా, నా సర్వీసులో చూడలేదు అన్నాడు. మీ ఇంట్లో కాన్పులు జరగవా అన్నాను. మా ఇంట్లో కుంపటి వసారాలో పెడతామన్నాడు.

కొత్త షీటు తెచ్చాడు. తేజశ్రీ పాపని భుజాన వేసుకుని వచ్చి, అద్దం దగ్గర దాకా కోసి పక్కన ఆ రెండు టైల్స్ వదిలెయ్యమంది. అంచులకి సిలికాన్ పెడితే నీళ్ళు వెళ్ళవట, తనే చెబుతోంది అతనికి. అమ్మాయి నాకంటే దబాయిస్తోంది. మిగతా షీటుకి మాబు నన్ను అడిగాడు, స్క్రూలా గమ్మా అని.

గమ్మే రాయమన్నాను.

ఏప్రిల్ 5

శేషారత్నం గారు మనవరాలిని చూడటానికి వచ్చారు. బాత్రూములోకి వెళ్ళి వచ్చి, అంత బాగా చేయించి అక్కడ రెండు పాత టైల్స్ వదిలేశారేం వదినగారూ అన్నారు. నేను నోరు విప్పేలోపు తేజశ్రీ అందుకుంది. అవి మా అమ్మా వాళ్ళవి అత్తయ్యా, ఉండాలి, అంది.

అమ్మా వాళ్ళవి అని ఎందుకందో. సుగుణ గారొక్కరివే కదా. నిద్రలేమి, బాలింత, మాట తడబడి ఉంటుంది.

ఏప్రిల్ 9

పొద్దున్న స్నానానికి వెళ్తే పాప ఏడ్చిందని మధ్యలో పరుగెత్తుకొచ్చాను. నా బిళ్ళ తీసి సబ్బుపెట్టె మూత మీద పెట్టిన సంగతే మరిచిపోయాను. కొత్త గీజరు మరీ ఎత్తుగా పెట్టాడు మాబు, నాకు అందదు.

మధ్యాహ్నం గుర్తొచ్చి వెళ్తే మూత మీద లేదు. కింద వెతికాను, తూములో చూశాను. తల ఎత్తితే అద్దం పక్క టైల్ మీద ఉంది. మెరూన్ బిళ్ళల మధ్యలో, చిన్నది, కుంకుమ రంగుది. కొంచెం వంకరగా ఉంది. ఒక చేత్తో పాపని పట్టుకుని రెండో చేత్తో అంటిస్తే అలాగే వస్తుంది.

నేను పెట్టలేదు.

తీద్దామని గోరు ఆనించాను. గట్టిగా అతుక్కుంది. చుట్టూ సబ్బు నురగ చింది ఉంటే టూత్‌బ్రష్ తెచ్చి తుడిచాను. ప్యాకెట్లోంచి కొత్తది తీసి పెట్టుకున్నాను.